యోబు ఊరకనే నమ్మాడా? శ్రమలో విశ్వాసం గురించి

2004 డిసెంబరు 26, ఆదివారం. క్రిస్మస్ మర్నాడు పొద్దున సముద్రం మెరీనా ఇసుకను దాటుకుని వచ్చేసరికి, చెన్నైలోని తెలుగు క్రైస్తవ కుటుంబాలు చాలావరకు ఆరాధనకు తయారయ్యే హడావిడిలో ఉన్నాయి. ఆ తర్వాత ఏళ్ల తరబడి మా సంఘాల్లో ఒక సాక్ష్యం వినిపించేది: "రోజూ బీచికి నడకకు వెళ్లేవాళ్లం. ఆ రోజు ఆదివారం గనుక చర్చికి వచ్చాం. ప్రభువు కాపాడాడు." చెప్పినవాళ్ల కృతజ్ఞతను నేను శంకించను. అయితే అదే పొద్దున, అదే తీరంలో, దక్షిణాన వేళాంకణ్ణిలో పండక్కని వచ్చిన యాత్రికులు వందల సంఖ్యలో అలలకు కొట్టుకుపోయారు. వాళ్లూ ప్రార్థన చేసుకోవడానికే వచ్చారు. చర్చికి వెళ్లడం వల్లే మనం బతికామంటే, చర్చి ముంగిట్లో పోయినవాళ్ల గురించి ఏం చెబుతాం?

దీనికి మన దగ్గర తయారుగా ఉన్న జవాబులు ఒకదానితో ఒకటి పొసగవు. బతికితే దేవుని కాపుదల, పోతే దేవుని చిత్తం. రోగం నయమైతే విశ్వాసానికి ప్రతిఫలం, నయం కాకపోతే విశ్వాస పరీక్ష. లేదా గొంతు తగ్గించి, "ఏదో పాపం అడ్డుపడుతోంది". చావు జరిగిన ఇంట్లో పెట్టే ఒకే ఆదరణ కూడికలో, ఒకే మైకులో, ఇవన్నీ ఒకరి తర్వాత ఒకరు చెప్పగా విన్నాను. చెప్పేవాళ్లు చెడ్డవాళ్లు కారు, మౌనంగా ఉండలేక చెబుతారు. కానీ ముందు వరసలో కూర్చున్న ఇంటావిడకి ఆ మాటల మధ్య తాను ఇన్నాళ్లూ ప్రార్థించిన దేవుడెవరో అర్థం కాకుండా పోతాడు.

యేసు దగ్గరకూ ఇదే ప్రశ్న వచ్చింది. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయారు. వాళ్లు యెరూషలేములో మిగతా అందరికంటే పాపులా అన్న జనం మనసులో మాటను ఆయనే బయటికి తీసి, కారని ఖండితంగా చెప్పాడు. అది లూకా 13లో ఉంది. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి "వీడు పాపం చేశాడా, వీణ్ణి కన్నవాళ్లా" అని శిష్యులు అడిగినప్పుడు, ఇద్దరూ కాదన్నాడు. వెనక్కి తవ్వకుండా, ఇప్పుడు దేవుడు చేయబోయే పని వైపు వాళ్ల చూపు తిప్పాడు. గోపురం ఎందుకు కూలిందో, ఆ 18 మందే ఎందుకో వివరించలేదు. పోయినవాళ్ల మీద నింద తీసేసి, బతికున్నవాళ్లతో "మీరు మారుమనస్సు పొందండి" అన్నాడు. శ్రమ గురించి క్రైస్తవుడు ఏం ఆలోచించినా ఇక్కడి నుంచి మొదలుపెట్టాలని నా అభిప్రాయం. చనిపోయినవాళ్ల లెక్క తేల్చే పని మనకెవరూ అప్పగించలేదు.

అపవాది అడిగిన ప్రశ్న

ఏ తప్పూ లేకుండా సర్వం పోగొట్టుకున్న భక్తుడు యోబు. అతని కథ చెప్పే బైబిలు పుస్తకం యోబు గ్రంథంలో 42 అధ్యాయాలున్నాయి. మన ప్రసంగాల్లో వినిపించేవి ఎక్కువగా మొదటి రెండు, ఆ తర్వాత చివరిది. మొదట్లో "యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొనిపోయెను, యెహోవా నామమునకు స్తుతి కలుగునుగాక". చివర్లో పోయినదానికి రెండింతలు. మధ్యలో ఉన్న దాదాపు నలభై అధ్యాయాల రోదన, వాదన, కోపం ఎవరూ ముట్టరు. అసలు పుస్తకమంతా అదే.

మొత్తం కథ ఒక్క ప్రశ్న మీద నిలబడి ఉంది. "యోబు ఊరకయే దేవునియందు భయభక్తులు గలవాడాయెనా?" అని అపవాది, అంటే సాతాను, దేవుణ్ణి అడుగుతాడు, మొదటి అధ్యాయం తొమ్మిదో వచనంలో. నువ్వు చుట్టూ కంచె వేశావు, ఆస్తి పెంచావు, అందుకే మొక్కుతున్నాడు. తీసేసి చూడు, మొహం మీదే దూషిస్తాడు. ఈ నింద యోబు మీద వేసినట్టుంటుంది గానీ దెబ్బ దేవుడికీ తగులుతుంది. ఇచ్చేవాటి కోసం తప్ప నిన్ను నిన్నుగా ప్రేమించేవాడు భూమ్మీద ఒక్కడైనా ఉన్నాడా అన్నది అందులోని పోటు. మన సంఘాల్లో శ్రమ గురించి జరిగే గందరగోళమంతా, ఈ ప్రశ్నను మనం మరిచిపోవడం వల్ల వచ్చిందే.

7,000 గొర్రెలు, 3,000 ఒంటెలు, పదిమంది బిడ్డలు పోయాక, స్నేహితులు ముగ్గురొచ్చారు. ఎలీఫజు, బిల్దదు, జోఫరు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో నేల మీద కూర్చున్నారు, ఒక్క మాట మాట్లాడలేదు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. తర్వాత నోళ్లు తెరిచారు. వాళ్ల వాదన చాలా పద్ధతిగా ఉంటుంది: విత్తిందే కోస్తాం, దేవుడు అన్యాయం చేయడు, కాబట్టి నువ్వేదో చేసుంటావు, ఒప్పుకో. యోబు మాటల్లో పద్ధతి లేదు. పుట్టిన రోజును శపిస్తాడు. దేవుణ్ణి వ్యాజ్యానికి రమ్మంటాడు. నన్నెందుకు గురి చేసుకున్నావని నిలదీస్తాడు.

తీర్పు 42వ అధ్యాయంలో వస్తుంది. నా సేవకుడైన యోబు పలికినట్లు మీరు నన్ను గూర్చి యుక్తమైనది పలకలేదని దేవుడు ఆ స్నేహితుల మీద కోపగిస్తాడు. వాళ్లు పుస్తకం పొడుగునా దేవుణ్ణి సమర్థించారు. యోబు పుస్తకం పొడుగునా ఆయనతో తగువు పెట్టుకున్నాడు. అయినా తీర్పు ఇటే వచ్చింది. ఎందుకో చదివేకొద్దీ తెలుస్తుంది. స్నేహితులు దేవుడి గురించి ఎంతో మాట్లాడారు గానీ దేవుడితో ఒక్క మాట మాట్లాడలేదు. యోబు అరిచింది ఆయనతోనే. మాట మానలేదు, మొహం తిప్పుకోలేదు, ఇంకో దేవుణ్ణి వెతుక్కోలేదు. శ్రమలో నమ్మకంగా ఉండడమంటే బైబిలు చూపించేది ఇదే.

ఇంకో సంగతి. దేవుడు మాట్లాడిన నాలుగు అధ్యాయాల్లో కొండమేకలు, నిప్పుకోడి, మకరం ఉన్నాయి గానీ, "ఎందుకు" అన్నదానికి జవాబు లేదు. పరలోకంలో జరిగిన సంభాషణ మనకు తెలుసు, యోబుకు చివరిదాకా తెలియదు. పోయిన గొర్రెలు 14,000 అయి తిరిగొచ్చాయి, ఒంటెలు 6,000 అయ్యాయి. బిడ్డలు మాత్రం మళ్లీ ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లే. చనిపోయిన బిడ్డ స్థానంలోకి ఇంకో బిడ్డ రాదని, కన్నవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆఖరి అధ్యాయాన్ని నష్టపరిహారంలా ప్రకటించేవాళ్లు ఈ లెక్క దగ్గర ఒక్క నిమిషం ఆగాలి.

కరువులో తవ్విన కాలువ

ఊరకనే నమ్ముతారా అన్న ప్రశ్నను తెలుగు క్రైస్తవ చరిత్ర ఒకసారి చాలా సూటిగా ఎదుర్కొంది. దానికి సాక్షి చెన్నై మధ్యలోనే ఉంది.

ఎంఆర్‌టీఎస్ రైల్లో మైలాపూరు నుంచి అడయారు వైపు వెళ్తుంటే కింద నల్లటి నీళ్లు, వాటిలో దిగేసిన సిమెంటు స్తంభాలు కనిపిస్తాయి. అది బకింగ్‌హామ్ కాలువ. పెదగంజాం నుంచి చెన్నై మీదుగా మరక్కాణం దాకా తీరం వెంబడే సాగుతుంది. 1876–78లో, మన పెద్దలు ధాత కరువన్న ఆ మహా కరువులో, ఆకలిగొన్నవాళ్లకు కూలి ఇచ్చి దీనిలో పెద్ద పెద్ద భాగాలు తవ్వించారు. నగరంలో కూవం, అడయారు నదులను కలిపే ముక్క అప్పటిదే. అప్పటి మద్రాసు గవర్నరు పేరే కాలువకు పెట్టారు.

ఉత్తరాన ఒంగోలు ప్రాంతంలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టును జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ తీసుకున్నాడు. పని కోసం వచ్చినవాళ్లు వేలమంది, ఎక్కువమంది మాదిగలు. సంఘంలోని బోధకులే మేస్త్రీలుగా వాళ్ల మధ్య తిరిగారు. మమ్మల్నీ సంఘంలో కలుపుకోండని జనం అడగసాగారు. క్లౌ ఒప్పుకోలేదు. కరువు కాలమంతా, ఏడాదికి పైగా, బాప్తిస్మాలు ఆపేశాడు. కూటి కోసం వచ్చారన్న మాట వాళ్ల మీద పడకూడదని, వాళ్లకై వాళ్లకు కూడా ఆ అనుమానం మిగలకూడదని. కరువు సాయం ముగిసి, ఇక ఇవ్వడానికేమీ లేదని చెప్పాక కూడా వాళ్లు కదల్లేదు. చేతుల్లో బొబ్బలు చూపించి, మాకు సాయం అక్కర్లేదు, పని చేసుకుని బతుకుతాం, వచ్చే పంటా పోతే చచ్చిపోతాం, చస్తే క్రైస్తవులుగా చస్తాం అన్నారని క్లౌ జ్ఞాపకాల్లో ఉంది. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు.

ఆ సంఖ్యను మనం గొప్పగా చెప్పుకుంటాం. నాకు మాత్రం ఆ సంఖ్యకు ముందున్న ఏడాది విలువైనదనిపిస్తుంది. బియ్యం కోసం మతం మారారని ఈనాటికీ ఎత్తిపొడిచేవాళ్లు ఆ ఏడాదిని చూడరు. దేవుణ్ణి నమ్మితే బాగుపడతారని బోధించే మనవాళ్లు కూడా చూడరు. ఆ కూలీలు తమ బిడ్డల్ని కరువుకు పోగొట్టుకుని, చేతిలో ఏమీ లేనప్పుడు నీళ్లలో దిగారు. అపవాది ప్రశ్నకు జవాబు అలా ఉంటుంది.

వాగ్దాన కార్డు వెనక

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, కొత్త ఏడాదికని ఒక బైబిలు వచనం రాసున్న వాగ్దాన కార్డు తీసుకోవడం మనందరికీ అలవాటే. వాటిలో తరచుగా వచ్చేది యిర్మీయా 29:11: మీ గురించి నా ఉద్దేశాలు సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావు, మీకు నిరీక్షణ కలుగజేస్తాను అన్న మాట. ఫ్రిజ్ మీద, బైకు ట్యాంకు మీద, ఆసుపత్రి ఫైలు కవర్లో అది ఉంటుంది.

అది బబులోనుకు చెరగా పోయినవాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరంలోని వాక్యం. దాని పైవచనమే చెబుతుంది, 70 ఏళ్లు పడుతుందని. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో ఎక్కువమంది ఇంటిమొహం చూడకుండానే పరాయిదేశంలో చనిపోతారు. అందుకే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న పట్టణం క్షేమం కోరి ప్రార్థించండి అంటాడు. ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అంతా తిరిగొస్తుందని ప్రకటించాడు. జనానికి నచ్చిన మాట అదే. అబద్ధమైన మాటా అదే. ఈ సంవత్సరం నీ సంవత్సరం అని మైకులో అరిచేవాళ్లను విన్నప్పుడల్లా నాకు హనన్యా గుర్తొస్తాడు.

వాగ్దానం ఉత్తిదని నేననడం లేదు. దాని గడువు మన గడువు కాదు, అది నెరవేరే తీరు మన చేతిలో లేదు. హెబ్రీ 11వ అధ్యాయం, విశ్వాసవీరుల పట్టిక, దీన్ని ఒకే వచనంలో చెబుతుంది. 35వ వచనం మొదటి సగంలో, స్త్రీలు చనిపోయిన తమవారిని తిరిగి సజీవులుగా పొందారు. రెండో సగంలో, కొందరు యాతన పెట్టబడ్డారు. ఆ తర్వాత రాళ్లతో కొట్టబడ్డారు, రంపాలతో కోయబడ్డారు. ఇద్దరినీ ఒకే విశ్వాసం కింద లెక్కవేశాడు రచయిత. సగంలో ఆపి ఆమేన్ చెప్పించడం వాక్యానికి చేసే అన్యాయం. బబులోను అగ్నిగుండం ముందు షద్రకు, మేషాకు, అబేద్నెగో రాజుతో, మా దేవుడు రక్షించగలడు అన్నారు. వెంటనే "ఒకవేళ ఆయన రక్షింపకపోయినను" నీ ప్రతిమకు మొక్కం అన్నారు. ఆ రెండో మాట లేకపోతే మొదటిది బేరమే అయ్యేది.

అయితే స్వస్థత కోసం ప్రార్థించకూడదా? తప్పకుండా చేయాలి. సంఘపెద్దలను పిలిచి నూనె రాసి ప్రార్థించమని యాకోబు రాశాడు. పౌలు తన శరీరంలో ముల్లు అని చెప్పుకున్న బాధను తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. "నా కృప నీకు చాలును" అన్నదే వచ్చింది. ఎందరినో బాగుచేసిన ఆ పౌలే, తోటి సేవకుడు త్రోఫిమును జబ్బుతోనే మిలేతులో వదిలి వచ్చానని తిమోతికి రాశాడు. త్రోఫిముకు విశ్వాసం తక్కువని ఒక్క మాట లేదు. మందులు మానేయడమే విశ్వాసమని చెప్పేవాళ్ల మాట వినకండి. ఇది మాత్రం ఎంత గట్టిగా చెప్పినా తక్కువే.

ప్రతి బాధా సిలువ కాదు

ఇక్కడ ఇంకో ముడి ఉంది. కొత్త నిబంధన శ్రమ గురించి చెప్పే మాటల్లో ఎక్కువ భాగం, క్రీస్తు పేరు మోసినందుకు వచ్చిన శ్రమ గురించి. పేతురు మొదటి పత్రిక అలాంటిది. మనం ఆ మాటల్ని తీసుకెళ్లి జబ్బుకు, ప్రమాదానికి, మనిషి మనిషికి చేసే అన్యాయానికి ఒకే మోతాదులో వాడేస్తాం.

తాగి కొట్టే భర్తతో కాపురం చేస్తున్న చెల్లెలికి "నీ సిలువ నువ్వు మోయమ్మా" అని సలహా ఇవ్వడం నేను విన్నాను. అది సిలువ కాదు, నేరం. ఆమెను ఆ ఇంట్లోంచి బయటికి తీసుకురావడం, పోలీసుకు చెప్పడం సంఘం పని. క్రైస్తవులైనందుకు దళితులు మోసే నష్టం కూడా వేరే రకానిది. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా వాళ్లకు ఎస్సీ హోదా లేకుండా చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు గాని, క్రైస్తవులకు, ముస్లింలకు సడలించలేదు. దీని వెనక దేవుని ఉద్దేశం ఏమిటని వెతకనక్కర్లేదు. ఇది మనుషులు చేసిన చట్టం, మనుషులు మార్చాల్సింది. బిడ్డ చదువు కోసం సర్టిఫికెట్టులో ఒకటి, సంఘంలో ఒకటి అయి బతుకుతున్నవాళ్లను పిరికివాళ్లనడానికి, ఆ నష్టం ఎరగనివాళ్లకు అర్హత లేదు.

కారణం దొరకని బాధ వేరు. బిడ్డకు వచ్చిన క్యాన్సరు, నిద్రలో ఆగిపోయిన గుండె. యోబు పుస్తకం ఉన్నది వాటి కోసం.

కాలువ గట్టు మీద ఒక గది

1954లో ముత్తులక్ష్మి రెడ్డి పూనికతో మొదలైన అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ కూడా ఈ బకింగ్‌హామ్ కాలువ గట్టు రోడ్డు మీదే ఉంది. నెల్లూరు, గూడూరు, ఒంగోలు వైపు నుంచి సెంట్రల్ స్టేషన్లో దిగి, రిపోర్టుల సంచి చంకన పెట్టుకుని వచ్చే మనవాళ్లు ఎప్పుడూ ఉంటారు. చుట్టుపక్కల వీధుల్లో గదులు అద్దెకు తీసుకుని, నెలల తరబడి వండుకు తింటూ వైద్యం చేయించుకుంటారు. మా సంఘం నుంచి వాళ్లను చూడటానికి వెళ్తుంటాం.

అలాంటి ఒక గదిలో ఒంగోలు వైపు అక్క ఒకావిడ, కూతురితో ఉండేది. ఒంటి బర్నరు స్టవ్వు, కిటికీకి ఆరేసిన తువ్వాళ్లు, ఫైలు కవర్లో యిర్మీయా 29:11 కార్డు. చూడవచ్చిన ఒక పెద్దమనిషి ప్రార్థన చేసి, లేవబోతూ, "ఒప్పుకోని పాపం ఏదైనా ఉందేమో చూసుకో తల్లీ" అన్నాడు. ఆమె స్టవ్వు మీద గంజి కలుపుతోంది. గరిటె ఆగింది, మళ్లీ కలిపింది. జవాబు చెప్పలేదు.

పాప దక్కలేదు. ఊరికి తీసుకెళ్లి సమాధి చేసి, లెక్కలేవో తేల్చుకోవడానికి మళ్లీ వచ్చినప్పుడు నాతో అంది: "అన్నా, ప్రార్థన చేయబుద్ధి కావడం లేదు. నోరు తెరిస్తే దేవుణ్ణి తిట్టేలా ఉన్నా." నేను 88వ కీర్తన తీసి ఆమె చేతిలో పెట్టాను. చాలాసేపు చదివింది. ఆ కీర్తనలో మలుపు లేదు, చివర్లో స్తుతి లేదు. స్నేహితుల్ని దూరం చేశావని, చీకటే మిగిలిందని దేవుడితోనే అని ఆగిపోతుంది. "ఇది బైబిల్లోనే ఉందా?" అని అడిగింది. ఉందన్నాను. "మరి మాకెవరూ ఎందుకు చదివి వినిపించలేదు?"

ఆ ప్రశ్నకు మన సంఘాలే జవాబు చెప్పాలి. 150 కీర్తనల్లో సుమారు మూడో వంతు విలాపాలు. విలాపవాక్యములు అని ఒక పుస్తకానికి పుస్తకమే ఉంది. "ఆయన వాత్సల్యత యెడతెగక నిలుచునది" అని మనం పాడుకునే మాట, కాలిపోయిన యెరూషలేము మధ్య కూర్చుని రాసిన ఆ పుస్తకంలోదే. ముందూ వెనకా ఆకలితో చచ్చిన బిడ్డలున్నారు. ఆ మాటను అక్కణ్ణుంచి కోసి తెచ్చి క్యాలెండరు మీద వేసుకున్నాం. యేసు కూడా సిలువ మీద 22వ కీర్తన మొదటి మాటతో కేకవేశాడు: నా దేవా నా దేవా, నీవు నన్నేల విడనాడితివి? విడిచిపెట్టావని ఆయన అన్నది "నా దేవా" అని పిలిచే.

మరి నిరీక్షణ ఎక్కడ? యేసు స్నేహితుడు లాజరు సమాధి దగ్గర చూడండి. ఇంకాసేపట్లో అతణ్ణి లేపబోతున్నానని యేసుకు తెలుసు. తెలిసీ కన్నీళ్లు విడిచాడు. పునరుత్థానం ఉంది కాబట్టి ఏడవకూడదన్న నియమం ఆయనకు లేనప్పుడు మనం పెట్టుకోవడమెందుకు? నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడవద్దని పౌలు థెస్సలొనీకయులకు రాశాడు. దుఃఖపడవద్దని రాయలేదు. లేచిన తర్వాత కూడా ఆయన చేతుల్లో గాయాల గుర్తులు ఉన్నాయని, తోమాకు వాటినే చూపించాడని యోహాను రాశాడు. ఆ తోమా ఈ చెన్నైకే వచ్చి, మన పరంగిమలై (సెయింట్ థామస్ మౌంట్) మీద పొడవబడి చనిపోయాడని సంప్రదాయం చెబుతుంది. క్రైస్తవుడి ఆశ ఈ గాయాలున్న దేవుడి మీద. శ్రమకు బయట నిలబడి లెక్కలు చూసేవాడి మీద కాదు. అందుకే జవాబు దొరకకపోయినా ఆయనతో మాట్లాడవచ్చు.

సంఘాలు చేయగలిగిన పనులు కొన్ని చాలా చిన్నవి. సాక్ష్యాల సమయంలో నయమైనవాళ్లతోపాటు నయం కానివాళ్లనూ నిలబడనివ్వండి. "ఇంకా తగ్గలేదు, ఇంకా అడుగుతున్నాను" అన్నదీ సాక్ష్యమే. నెలకొక ఆదివారం ఒక విలాప కీర్తన పైకి చదవండి, ముగింపు అతికించకుండా. చావు జరిగిన ఇంటికి మొదటి వారం అందరూ వెళ్తారు. మూడో నెల వెళ్లండి, క్యారేజీ తీసుకెళ్లండి, పోయినవాళ్ల పేరు పెట్టి మాట్లాడండి. ఏ వాక్యం చెప్పాలో తోచకపోతే, యోబు స్నేహితులు మొదటి ఏడు రోజులు చేసింది చేయండి.

ఇది చదువుతున్నవాళ్లలో ఇప్పుడు ఆ స్థితిలోనే ఉన్నవాళ్లుంటే, 13వ కీర్తనతో మొదలుపెట్టండి. ఆరే వచనాలు, ఎంతకాలం, ఎన్నాళ్లు అన్న నిలదీత మొదటి రెండు వచనాల్లోనే మళ్లీ మళ్లీ వస్తుంది. తర్వాత 42, 77. 13వ కీర్తన చివరి రెండు వచనాల్లోని స్తుతి నోటికి రాకపోతే నాలుగో వచనం దగ్గర ఆపేసి, మర్నాడు మళ్లీ మొదటి నుంచి చదవండి. చదివే ఓపిక కూడా లేకపోతే, మీ పక్కన కూర్చున్నవాళ్లను చదవమనండి.